ఇంజను తిరుగుతోంది, బ్యాటరీ ఎక్కడం లేదు

నవంబరు 3

మావయ్యకు,

నీ కార్డు అందింది. "ఇంజను తిరుగుతోంది, ఇంటి బ్యాటరీలు ఎక్కడం లేదు, ఏం చేయాలో రాయి" అని రెండు ముక్కలు గీకి పడేశావు. డాక్టరు దగ్గరికి పోయి ఒంట్లో బాగాలేదని చెప్పి నోరు మూసుకుని కూర్చున్నట్టుంది. ఎప్పటి నుంచి ఎక్కడం లేదు? ఎంత దూరం నడిపాక చూశావు? అత్తయ్య ఊపిరి మిషను తెల్లారేదాకా నడుస్తోందా, మధ్యలో ఆగుతోందా? ముందు రాయాల్సింది అది కదా.

ఫోను చేస్తే ఎత్తవు. ఎత్తినా "ఇక్కడ సిగ్నలు లేదు, ఉత్తరం రాయి" అని పెట్టేస్తావు. పెట్రోలు బంకు వెనకాల బండి పెట్టుకుని సిగ్నలు లేదంటావు. సరే, రాస్తున్నాను. నాకు తెలిసిందేలే అని దాటేయకుండా చదువు.

మీరు కాపురముంటున్న ఆ బండిలో బ్యాటరీలు రెండు రకాలు. ముందున్నది ఇంజనుది. వెనక, అత్తయ్య కుట్టుమిషను బల్ల కింద ఉన్న రెండూ ఇంటివి. నీళ్ళ మోటారు, ఫ్యాను, ఊపిరి మిషను అన్నీ వాటి మీదే. ఇంజను తిరిగేటప్పుడు ఆల్టర్నేటరు (నువ్వు డైనమో అంటావు, అనుకో) ముందు ఇంజను బ్యాటరీని నింపుతుంది. అది నిండిందని తెలియగానే డ్రైవరు సీటు కింద ఉన్న నల్ల డబ్బా, అదే రిలే, టిక్కుమని లోపల అతుక్కుని ఇంటి బ్యాటరీలకు దారి ఇస్తుంది. ఆ దారి ఎక్కడో తెగింది. ఎక్కడన్నది కనుక్కుంటే చాలు. బ్యాటరీలే మార్చేయాలని అక్కడెవడైనా సలహా ఇస్తే వాడికి దండం పెట్టి పంపించు.

ఇంజను ఆపి ఇంటి బ్యాటరీల మీద మీటరు పెట్టు. తర్వాత ఇంజను వేసి, కాస్త రేసు చేసి, మళ్ళీ అక్కడే చూడు. అంకె పైకి పోకపోతే నల్ల డబ్బాకు అటొక బోల్టు ఇటొక బోల్టు ఉంటాయి, రెంటి మీదా చూడు. అన్నిటికంటే ముఖ్యం, ఆ డబ్బా టిక్కుమంటోందో లేదో విని రాయి. మీటరు ఏం చూపించినా నాకు నీ చెవే సాక్ష్యం. డిపోలో బస్సు గేటు తిరగగానే, తలెత్తి చూడకుండా, ఏ చక్రంలో బేరింగు పోయిందో చెప్పిన చెవి అది. నాకు ఈ పని ఏ బడీ నేర్పలేదు. అమ్మ పోయాక మీ ఇంటికి వచ్చి, నీ పక్కన ఇంజను మూత మీద కూర్చుని నేర్చుకున్నాను.

నేనే వచ్చి చూద్దామంటే మా కార్ఖానా ఓనరు సెలవివ్వడు. అడిగితే నవ్వాడు. తిడితే బావుండేది.

ఇంకోసారి చెప్తున్నాను. చలికాలం అంతా నా గదిలో ఉండండి. గోడకు ప్లగ్గు ఉంది, ఈ గొడవంతా ఉండదు.

నీ మేనకోడలు

నవంబరు 9

చిటపటకు,

నీ ఉత్తరం విప్పితే పొగ వచ్చింది. కవరు అంచులు కాలకుండా ఎలా చేరిందో ఆ పోస్టుమానుకే తెలియాలి.

చెప్పినవన్నీ చేశాను. ఇంజను ఆపి చూస్తే పన్నెండు పాయింటు రెండు. ఇంజను వేసి చూస్తే అదే పన్నెండు పాయింటు రెండు. బల్ల కింద ఉన్న ఫ్యూజు కూడా చూశాను, తీగ చెక్కుచెదరలేదు. నల్ల డబ్బాకు ఒక బోల్టు మీద పద్నాలుగు పాయింటు రెండు, రెండో దాని మీదా పద్నాలుగు పాయింటు రెండు. టిక్కు మాత్రం లేదు. సీటు పీకి, చెవి ఆనించి మరీ విన్నాను. పీనుగలా పడి ఉంది. డబ్బా పోయింది, ఇంకొకటి పంపించు.

నేను పగలు రోడ్డు వేసేవాళ్ళకు నీళ్ళ ట్యాంకరు తోలుతున్నాను. మీ అత్త లారీల టార్పాలిన్లు కుడుతోంది. దూది మిల్లులో ముప్పయ్యేళ్ళు దూది పీల్చి వచ్చిందా, ఇప్పుడు టార్పాలిన్ల దుమ్ము. వద్దంటే వినదు. మీ ఇద్దరికీ ఒకటే రకం చెవులు.

నీ గది సంగతి ఎత్తకు. మంచం కింద నీ సామాను పెట్టె, మంచం మీద నువ్వు, మిగిలిన చోట పొయ్యి. ముగ్గురం పడుకుంటే ఊపిరి మిషను నాకూ కావాలి. ఇక్కడ నాకు పని ఉంది, స్టీరింగు ఉంది. నీ ఇంట్లో కూర్చుని పేపరు ఎంతసేపు చదువుతాను?

మీ అత్త గురించి బెంగ పడకు. బ్యాటరీ అడుగంటితే ఆ మిషను కూత పెడుతుంది. రాత్రంతా వైరు పెట్టుకుంటానంటే బంకు ఓనరు ఒప్పుకోడు గానీ, కూత పెట్టినప్పుడు మాత్రం తన ప్లగ్గుకు తగిలించుకోమన్నాడు. ఆవిడ వేసుకునే మాత్రకు ఒళ్ళు తెలియదు కదా. అందుకని చెప్పాను, నువ్వు నిశ్చింతగా పడుకో, నేను వింటూ ఉంటానని.

మీ మావయ్య

నవంబరు 14

మావయ్యకు,

రిలే పంపుతున్నాను. కొత్తది కాదు, నడిచేదే, పాత బండిలోంచి తీసింది. మా ఓనరుకు చెప్పే తీశాను. ముఖం మాడ్చుకున్నాడు. ఆయన ముఖం ఎప్పుడూ అంతే కాబట్టి పట్టించుకోలేదు.

ముందు నిన్ను తిట్టాలి. రెండు బోల్టుల మీదా పద్నాలుగు పాయింటు రెండు ఎలా వస్తుంది? డబ్బా అతుక్కోకపోతే కరెంటు ఒక పక్కే ఆగిపోవాలి. రెండో పక్క తక్కువ చూపించాలి. రెండుసార్లూ ఒకే బోల్టు మీద మీటరు పుల్ల పెట్టి ఉంటావు. కళ్ళద్దాలు పెట్టుకుని చూశావా? జేబులో ఉంచుకుని ఊరంతా వెతుకుతావు కదా, మొన్న కూడా అలాగే చేసి ఉంటావు. నీ మీటరు లెక్క కొట్టేసి నీ చెవి మాట తీసుకుంటున్నాను. టిక్కు లేదన్నావు, కాబట్టి డబ్బా పోయింది.

ముందు ఇంజను బ్యాటరీ మైనసు తీగ విప్పు. తర్వాతే డబ్బా ముట్టుకో. రెంచి బాడీకి తగిలితే నిప్పు లేస్తుంది. బోల్టులు బిగించేటప్పుడు నీ బస్సు చక్రాలనుకుని బిగించకు, తెగిపోతాయి. వేశాక ఇంజను వేసి విను. ఈసారి ఖాయంగా వింటావు.

ఒక సంగతి. కార్ఖానాలో అందరూ నన్ను పిల్లా అని పిలుస్తారు. నిన్న ఒకాయన తన బండి తెచ్చి "మెకానిక్కు లేడా" అని అడిగాడు. నేనే అన్నాను. "అది కాదమ్మా, పెద్దవాళ్ళెవరైనా" అన్నాడు. బానెట్టు మూసేసి, పెద్దయ్యాక రమ్మని చెప్పాను. నేను పెద్దయ్యాకో ఆయన పెద్దయ్యాకో చెప్పలేదు. ఓనరు నన్ను అరగంట తిట్టాడు.

అత్తయ్య ఎందుకు రాయడం లేదు? నీ ఉత్తరం అడుగున ఒక గీత గీసినా చాలు.

నీ మేనకోడలు

నవంబరు 20

బంగారుతల్లికి, అత్తయ్య రాసేది.

ఈ ఉత్తరం సంగతి మీ మావయ్యకు తెలియనివ్వకు. ఆయన ట్యాంకరు మీద పోయాక రాస్తున్నాను. నా రాత నీకు తెలుసుగా, ఓపికగా చదువు.

మీ ఇద్దరి మధ్య ఏమైనా మాటా మాటా వచ్చిందా? ఆయన నాతో మాట్లాడడం మానేశాడు. మాట్లాడడం అంటే పూర్తిగా కాదు, తను చెప్పాల్సింది చెప్తాడు. నేను అడిగిన దానికి పలకడు. పొయ్యి దగ్గర నిలబడి ఏమండీ అంటాను, గోడకేసి చూస్తూ ఉంటాడు. రెండోసారి అంటే లేచి బయటికి పోతాడు. మొన్న, దారం తెగిపోయింది, బంకు పక్క కొట్లో దొరుకుతుందేమో చూడమన్నాను. ఊ అన్నాడు. ఏమీ తేలేదు. అడిగితే ఎప్పుడు చెప్పావని కసురుకున్నాడు. ఇన్నేళ్ళలో నన్ను కసిరిన మనిషి కాదు.

రోగిష్టి పెళ్ళాన్ని మోసి మోసి విసుగెత్తిందేమో. తప్పు కూడా లేదు. నేనే ఆయన స్థానంలో ఉంటే ఏమయ్యేదాన్నో.

ఇంకొకటి. పొద్దున లేచేసరికి తల పగిలిపోతోంది. గోళ్ళు నీలంగా ఉంటున్నాయి, కాసేపటికి సర్దుకుంటాయి. మిషను సరిగానే నడుస్తోంది అంటాడు ఆయన, రాత్రి నేను వింటూనే ఉన్నాను అంటాడు. మరి రోగమే ముదిరినట్టుంది. డాక్టరు దగ్గరికి పోదామంటే ఆ బ్యాటరీ పని అయ్యాక అంటున్నాడు. నువ్వు పంపిన డబ్బా వేశాడు. అయినా ఎక్కడం లేదట.

నువ్వు వేళకు తిను. కోపం తగ్గించుకో. ఆడపిల్లవి అని చెప్పడం లేదు, కడుపులో పుండు పడుతుందని చెప్తున్నాను.

నీ అత్తయ్య

నవంబరు 24

మావయ్యకు,

అత్తయ్య తల పగిలిపోతోందంటే బ్యాటరీ పని అయ్యాక చూద్దామన్నావట. ఆమె గోళ్ళు నీలంగా ఉంటే నీకు కనపడదా? ఆమె పిలిస్తే పలకవట. గోడతో మాట్లాడుకుంటున్నావట. ఆమె రాయొద్దన్నది, అయినా రాస్తున్నాను, ఎందుకంటే నాకు కడుపు మండిపోతోంది.

ఆమె నీకు బరువైతే చెప్పు. బస్సెక్కించి నా దగ్గరికి పంపించు. మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని లేనట్టు నటించడం కంటే అది నయం. మిల్లులో ఆమె ఊపిరితిత్తులు పాడైంది ఎవరి కోసం? ఆ రోజుల్లో డిపో జీతం పప్పుకే చాలలేదు. నన్ను చదివిస్తానని రెండో షిఫ్టు కూడా చేసింది. నేను చదవలేదు, అది వేరే సంగతి.

ఫోను ఎత్తవు. మనిషితో పలకవు. రిటైరయ్యాక అందరికీ ఏదో ఒకటి వస్తుందంటారు, నీకు అహంకారం వచ్చినట్టుంది.

రిలే వేశాక టిక్కుమందా లేదా, అంకెలు ఎంత వచ్చాయో రాయి. కళ్ళద్దాలు పెట్టుకుని.

మేనకోడలు

డిసెంబరు 1

నీకు,

నా ఇంట్లో సంగతులు నాకు రాయొద్దు. బ్యాటరీ గురించి అడిగాను, బ్యాటరీ గురించి రాయి.

నువ్వు పంపిన డబ్బా వేశాను. మైనసు తీగ విప్పే వేశాను. ఇంజను వేశాను. టిక్కు రాలేదు. నువ్వు చెడిపోయింది పంపావో, పార్సిలులో దెబ్బ తిన్నదో నాకు తెలియదు. కళ్ళద్దాలు పెట్టుకున్నాను. పెట్టుకోలేదంటావని పంక్చర్లు వేసే ఆయన్ని పిలిచి పక్కన నిలబెట్టుకుని అంకెలు ఆయన చేత చదివించాను. ఒక బోల్టు పద్నాలుగు పాయింటు రెండు. రెండో బోల్టు పద్నాలుగు పాయింటు ఒకటి. ఇంటి బ్యాటరీల మీద పన్నెండు పాయింటు ఒకటి. నీ లెక్క ప్రకారం రాకూడదు, కానీ వచ్చింది.

మీ అత్తకు నేనేం తక్కువ చేశానో నాకు తెలియలేదు. ఆవిడ నీకు రాసిందన్న సంగతి నీ ఉత్తరం చూసి తెలుసుకున్నాను. నాతో చెప్పకుండా నీకు చెప్పుకునేంత దూరం వచ్చింది వ్యవహారం. సరే.

ఇంకో డబ్బా పంపించు. చేతనైతే మంచిది పంపించు.

మావయ్య

డిసెంబరు 6

మావయ్యకు,

నీ ఉత్తరం బల్ల మీద పెట్టుకుని రెండు పూటలు చూశాను. కోపంతో మొదటి పూట బుర్ర పని చేయలేదు. రెండో పూట చేసింది.

నీకు పంపిన రిలేని పంపే ముందు నా చేత్తో నడిపి చూశాను. టిక్కుమంది. నీ పాత దాన్ని నేను చూడలేదు, కానీ ఇప్పుడు అదీ బాగానే ఉండేదని చెప్పగలను. రెండు బోల్టుల మీదా పద్నాలుగు వచ్చిందంటే డబ్బా లోపల అతుక్కుందని అర్థం. అతుక్కోకుండా ఆ అంకె రావడానికి వేరే దారి లేదు. అతుక్కుంటే టిక్కుమని తీరాలి. మీటరు అబద్ధం చెప్పలేదు. పంక్చర్ల ఆయన అబద్ధం చెప్పలేదు. అది టిక్కుమంది. నువ్వు వినలేదు.

చెవి ఆనించి కూడా వినలేదు.

ఫోనులో సిగ్నలు లేదనడం. అత్తయ్య పిలిస్తే గోడకేసి చూడడం. దారం తెమ్మంటే ఊ అని తేకపోవడం. మూడూ కలిపి చూశాను. నీకు చెవులు పోయాయి మావయ్యా. ఎప్పుడు పోయాయో తెలియదు. నువ్వు చెప్పలేదు. నేనేమో నీ చెవిని నమ్మి మీటరును తిట్టాను. వంకర నా లెక్కలో లేదు. నీ నోట్లో ఉంది.

నటిస్తున్నావన్నాను, అహంకారం అన్నాను. అవి వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడు అసలుది అడుగుతున్నాను. చెవి ఆనించి వింటే రిలే వినపడని మనిషికి, నిద్రలో ఆ మిషను కూత ఎలా వినపడుతుంది? అత్తయ్యను నిశ్చింతగా పడుకోమన్నావు, నేను వింటానన్నావు. ఆమె తలనొప్పి రోగం ముదిరి కాదు. బ్యాటరీ అడుగంటి, మిషను ఆగి, కూత పెట్టి పెట్టి ఊరుకుంటోంది. ఆమె గాలి లేకుండా తెల్లారేదాకా పడి ఉంటోంది. నువ్వు పక్కనే ఉండి.

ఈ సంగతి ఆమెకు నువ్వే చెప్పు. ఈ వారం చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను.

బ్యాటరీ పని: డబ్బా దాకా కరెంటు వస్తోంది, బ్యాటరీ దాకా పోవడం లేదు. తెగింది ఆ మధ్యలో. బల్ల కింద ఫ్యూజు చూశానన్నావు, కంటికి బాగుందన్నావు. ఫ్యూజు బాగానే ఉంటుంది. దాన్ని తీగకు కలిపే కాడ, అదే లగ్గు, చూడు. తీగ చివర రాగి కాడ మీద నల్ల తొడుగు ఉంటుంది, అది బ్లేడుతో చీల్చు. లోపల పచ్చగా చిలుం పట్టి ఉంటే అదే దొంగ. అక్కడి దాకా కోసేసి, కొత్త కాడ వేసి, గట్టిగా నొక్కించు. పంక్చర్ల ఆయన దగ్గర నొక్కే పనిముట్టు ఉంటుంది.

నీ మేనకోడలు

డిసెంబరు 12

బంగారుతల్లికి,

నువ్వు మీ మావయ్యకు రాసిన ఉత్తరం నేను విప్పాను. ఆయన ట్యాంకరు మీద ఉన్నాడు. నాకు జవాబు రాశావేమోనని విప్పాను. మొదటి పేజీ అంతా బ్యాటరీలే అని పక్కన పెట్టబోయాను. తర్వాత చదివాను.

నేను పిలిస్తే పలకనిది కోపం వల్ల కాదని తెలిసి ముందు సంతోషం వేసింది. సిగ్గులేని సంతోషం. నా మీద విసుగు కాదు, వినపడక. ఆ తర్వాత మిషను కేసి చూశాను.

నమ్మబుద్ధి కాలేదు. ఆయన వచ్చాక అడగలేదు కూడా. అడిగితే వినపడుతోందనే అంటాడు. మర్నాడు ట్యాంకరు పని లేదు. మధ్యాహ్నం మెట్టు మీద కూర్చుని, నాకు వీపు పెట్టి, గొట్టానికి రబ్బరు వాషరు కోసుకుంటున్నాడు. నేను మిషను వైరు లాగేశాను. అది కూయడం మొదలుపెట్టింది. చిన్న కూత కాదమ్మా. పంక్చర్ల ఆయన షెడ్డులోంచి రెంచితో సహా వచ్చాడు, ఏమైందమ్మా అని. మీ మావయ్య తల తిప్పలేదు. నేనూ ఆపలేదు. వాషరు గుండ్రంగా కోయడం పూర్తి చేశాడు. వెలుతురుకు పెట్టి చూసుకున్నాడు. బాగా వచ్చిందని తనలో తనే తలాడించాడు. పంక్చర్ల ఆయన నీడ మీద పడ్డాక అప్పుడు తలెత్తి, ఏంటి సంగతి అన్నాడు, నవ్వుతూ.

వైరు మళ్ళీ పెట్టేశాను. ఏమీ లేదన్నాను. అది కూడా వినలేదులే.

చెవులు పోతాయి. నాకు ఊపిరితిత్తులు పోలేదా? దాని గురించి నేను ఒక్క మాట అనను. పడుకో అన్నాడే. నేను వింటానన్నాడే. నేను నిజంగానే పడుకున్నానమ్మా. మాత్ర వేసుకుని, ఒళ్ళు వదిలేసి, చంటిపిల్లలా పడుకున్నాను.

రేపు బస్సుకు వస్తున్నాను. మిషను తెచ్చుకుంటున్నాను. ఈ ఉత్తరం కంటే నేనే ముందు చేరతానేమో. నీ ఉత్తరం ఆయన దిండు మీద పెట్టి వస్తాను. బ్యాటరీ సంగతి అందులో ఉంది కదా, ఆయనకు పనికొస్తుంది.

అత్తయ్య

డిసెంబరు 22

చిటపటకు,

ఆ ఉత్తరం నాకు రాశావా, మీ అత్తకు రాశావా? నాకే రాసి ఉంటే నేను వారంలో చెప్పేవాణ్ణి. చెప్పేవాణ్ణి అనే అనుకుంటున్నాను. నాకు గడువిచ్చి, గడువు తీరకముందే మనిషిని లాక్కుపోయావు. నువ్వు లాక్కుపోలేదని తెలుసు. అయినా అలా అనుకుంటేనే కొంచెం తేలిగ్గా ఉంది.

చెవుల సంగతి డిపోలో ఆఖరి ఏడాదే మొదలైంది. కండక్టరు విజిలు వినపడక స్టాపులు దాటించేవాణ్ణి. అద్దంలో చూసి కనిపెట్టడం నేర్చుకున్నాను. చెప్తే లైసెన్సు తీసేస్తారు. లైసెన్సు పోతే ట్యాంకరు లేదు, బండి లేదు, నీ గదిలో పేపరు చదువుకోవాలి. అందుకని ఎవరికీ చెప్పలేదు. మీ అత్తకు చెప్తే బెంగతో పడుకోదని చెప్పలేదు.

కానీ వింటానని ఊరికే అనలేదు. చెయ్యి మిషను మీద పెట్టుకుని పడుకునేవాణ్ణి. నడుస్తుంటే అది అరచేతికి జుమ్ముమని తెలుస్తుంది. ఆగిందంటే చేతికి మెలకువ వస్తుంది. చాలాసార్లు వచ్చింది. లేచి, బంకు ప్లగ్గుకు వైరు పెట్టి వచ్చేవాణ్ణి. ఆవిడకు తెలియదు. కొన్నిసార్లు నిద్రలో చెయ్యి జారిపోయి ఉంటుంది. ఎన్నిసార్లు జారిందో నాకు తెలియదు. ఆవిడ గోళ్ళకు తెలుసు.

నువ్వు చెప్పినట్టే తొడుగు చీల్చాను. లోపల అంతా పచ్చగా ఉంది, పట్టుకుంటే పొడిగా రాలింది. కొత్త కాడ వేశాను. ఆ ఒక్క రోజు ట్యాంకరు పని మానేసి, బండిని ఊరికే, ఎక్కడికని లేకుండా, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడిపాను. ఇంటి బ్యాటరీల మీద పద్నాలుగు దాటింది. నిండాయి. ఇప్పుడు ఆ మిషను తెల్లారేదాకా ఆగకుండా నడుస్తుంది. మిషను ఇక్కడ లేదు.

నిండిన బ్యాటరీలు పెట్టుకుని ఏం నడపాలో తోచడం లేదు. మీ అత్తకు ఈ ఉత్తరం చదివి వినిపించు. ఏమంటుందో రాయి. తిట్టినా తిట్టినట్టే రాయి.

మావయ్య

జనవరి 5

మావయ్యకు,

చదివి వినిపించాను. చెయ్యి సంగతి రెండోసారి చదవమంది. చదివాను. ఏమీ అనలేదు. తిట్టలేదు కూడా. తిట్టి ఉంటే రాసేదాన్ని.

డాక్టరు చూశాడు. ఉన్న ఊపిరిలో కొంత పోయిందన్నాడు, పోయింది తిరిగి రాదన్నాడు, మిషను ఇక ఆగకూడదన్నాడు. ఆయన చెప్తున్నంతసేపూ నేను నిన్ను తిట్టుకుంటూ కూర్చున్నాను. ఇంటికి వచ్చాక ఆమెతో నేనే అన్నాను, నువ్వు పడుకో అత్తయ్యా, నాకు చెవులున్నాయి, నేను వింటానని. నీ మీద కసితో అన్నాను. మాత్ర చేతికిచ్చాను.

పోయిన ఆదివారం పగలు. ముందు రోజు వరకు ఓనరు నా చేత రెండు బండ్ల పని ఒకేసారి చేయించాడు. ఇద్దరం భోంచేసి పడుకున్నాం, ఆమె మిషను పెట్టుకుని మంచం మీద, నేను కింద చాప మీద. కరెంటు పోయింది. మిషను కూసింది. నా తలకు మూరెడు దూరంలో ఉంది అది. నేను లేవలేదు. కింద వాటాలో ఇంటావిడకు పైకప్పులోంచి వినపడి, మెట్లెక్కి వచ్చి, తలుపు బాది, చివరికి కిటికీలోంచి చీపురుకర్రతో నన్ను పొడిచింది. అప్పుడు లేచాను. అత్తయ్య పెదాలు నల్లబడి ఉన్నాయి. కూర్చోబెట్టి, వీపు రాసి, విసురుతూ కూర్చున్నాం. కరెంటు వచ్చింది. బతికింది.

నన్ను తిట్టలేదు. అలిసిపోయావులే, నువ్వేం చేస్తావు అంది. ఆ మాట నీతో అనలేదు, నాతో అంది. దాని కంటే చెంపదెబ్బ నయం.

అప్పటి నుంచి మాత్ర వేసుకోవడం లేదు. చేతిలో పెడితే సరే అంటుంది, దిండు కింద తోసేస్తుంది. గోడకు ఆనుకుని కూర్చుని, మిషను కేసి చూస్తూ ఉంటుంది. నేను ఎప్పుడు కళ్ళు తెరిచినా అలాగే ఉంటుంది. పడుకో అనడానికి నాకు నోరు రావడం లేదు. ఆ మాట ఇద్దరం చెప్పి చూశాం కదా.

నీ మీద రాసి పెట్టుకున్న తిట్లన్నీ చించేశాను. నువ్వు అబద్ధం చెప్పావు, ఆ మాట మీద ఉన్నాను. కానీ ఇక నేను నీకు న్యాయం చెప్పలేను.

బండి తీసుకుని రా. నీ చెవుల సంగతి తెలిసి నిన్ను నడుపుకుంటూ రమ్మనడం తప్పే, అందుకని పంక్చర్ల ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకో, పగలే రా, నెమ్మదిగా రా. ట్యాంకరు పని పోతుంది. స్టీరింగు కూడా పోవచ్చు. ఇంటి పక్క ఖాళీ జాగా ఉంది, ఇంటావిడను అడిగాను, ఒప్పుకుంది. బండి కిటికీ కింద పెడితే వైరు పైకి లాగుతాను. కరెంటు పోయినా నీ బ్యాటరీల మీద మిషను నడుస్తుంది. రోజూ కాసేపు ఇంజను వేసి నింపుకోవచ్చు.

అత్తయ్య నిన్ను రమ్మనలేదు. ఈ ఉత్తరం రాస్తున్నానని చెప్పాను, వద్దని కూడా అనలేదు. వచ్చాక మాట్లాడకపోవచ్చు. మాట్లాడినా నీకు వినపడదు, నేను కాగితం మీద రాసి చూపిస్తాను. ఏం రాయాల్సి వచ్చినా రాస్తాను.

జవాబు రాస్తూ కూర్చోకు. బయలుదేరు. ఆమె పడుకోవాలి మావయ్యా.

నీ మేనకోడలు